దూరాన్ని కొలిచే శబ్దం – కబురు మోసే రెండు తీగలు

లారీని వెనక్కు తీసేటప్పుడు క్లీనరు కిందికి దిగి, బండిని అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ... హోల్డాన్!" అని కేకవెయ్యడం మనందరం ఎరిగినదే. వెనక చక్రాల దగ్గర ఏముందో డ్రైవరుకు కనపడదు. క్లీనరు చూపే అతనికి చూపు. ఈ పాత ఏర్పాటులో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. దూరాన్ని అంచనా వెయ్యడం ఒకటి, ఆ కబురును చెడకుండా చేరవెయ్యడం రెండవది.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. వీటిలో దూరం కొలిచే పని సాధారణంగా అతిధ్వనులది. కొలిచిన దూరాన్ని బండిలోని మిగతా బోర్డులకు అందించే పనిని ఎక్కువగా 'క్యాన్ బస్' అనే రెండు తీగల మార్గం చేస్తుంది. ప్రాజెక్టు కోసం ఒక చిన్న రోబో బండి కట్టబోయే విద్యార్థికి కూడా ఈ జోడీయే ఎదురౌతుంది. కాబట్టి దీని సంగతేమిటో కాస్త వివరంగా చూద్దాం.

శబ్దంతో కొలత

మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్‌ల దాకానే వినపడుతుంది. సెన్సారు వాడేది సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ ధ్వని. కొన్ని పదార్థాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. దానికి విపర్యయంగా, విద్యుత్తు ఇస్తే అవే పదార్థాలు కంపిస్తాయి. సెన్సారులోని చిన్న బిళ్ళ ఈ రెండు విధాలా పనిచేయగలదు: మొదట కూత, తరువాత వినికిడి.

20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. ఒక మీటరు దూరంలో గోడ ఉంటే ధ్వని పోను ఒక మీటరు, రాను ఒక మీటరు ప్రయాణించాలి. అందుకు పట్టే కాలం సుమారు 5.8 మిల్లీసెకన్లు. ఆ కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. లెక్క ఇంతే!

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగినప్పుడల్లా ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. 343 అనే అంకెనే పట్టుకు కూర్చున్న బోర్డు, విజయవాడలో 45 డిగ్రీల ఎండలో 2 మీటర్ల దూరాన్ని 1.92 మీటర్లుగా చెబుతుంది. అదే బోర్డును చలికాలం తెల్లవారుజామున లంబసింగి తీసుకుపోతే, సున్నాకు చేరువైన చలిలో అదే దూరాన్ని 2.07 మీటర్లంటుంది. మొదటి తప్పు వల్ల బండి కాస్త ముందే ఆగుతుంది, ప్రమాదం లేదు. రెండవది లేని జాగాను ఉన్నట్టు చూపుతుంది. అందుకే మంచి బోర్డు మీద ఉష్ణోగ్రత కొలిచే చిన్న భాగం కూడా ఉంటుంది.

అందరికీ అవే తీగలు

బోర్డుకొక జత తీగలు చొప్పున లాగితే కారంతా తీగల పుట్ట అవుతుంది. ఈ చిక్కును తప్పించడానికి జర్మనీలోని బాష్ కంపెనీ 1983లో పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్ నగరంలో క్యాన్ పద్ధతిని ప్రకటించింది. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది.

ఇందులో మెలివేసిన రెండు తీగలుంటాయి. ఒకటి క్యాన్-హై, రెండవది క్యాన్-లో. '1' పంపుతున్నప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గరే ఉంటాయి. '0' పంపితే ఒకటి 3.5కి ఎక్కుతుంది, రెండవది 1.5కి దిగుతుంది. వినే బోర్డు చూసేది రెంటి మధ్య తేడానే. మోటారు రొద తీగల మీద పడినా రెంటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది కనుక తేడా చెడదు.

మార్గం రెండు కొసల్లో 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే సంకేతం కొసకు తగిలి వెనక్కు వస్తుంది. సెన్సారుకు ప్రతిధ్వని ప్రాణం, తీగకు అదే శత్రువు! కరెంటు తీసేసి రెండు తీగల మధ్య మీటరు పెట్టి చూడండి. 60 ఓములు చూపితే సరే. 120 చూపిందంటే ఒక కొసన నిరోధం లేదన్నమాట.

ఎవరు ముందు?

క్యాన్‌లో సందేశానికి 'ఫలానావారికి' అన్న చిరునామా ఉండదు. 'ఇది ఫలానా విషయం' అని తెలిపే 11 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. కావలసిన బోర్డు తీసుకుంటుంది, అక్కరలేనిది వదిలేస్తుంది.

ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే? బ్రేకు సందేశం సంఖ్య 256, సెన్సారుది 288 అనుకోండి. ద్విసంఖ్యామానంలో మొదటిది 00100000000, రెండవది 00100100000. మొదటి అయిదు బిట్లు ఒకటే. ఆరవ బిట్ దగ్గర బ్రేకు '0' అంటుంది, సెన్సారు '1' అంటుంది. తీగ మీద '0'దే పైచెయ్యి. తాను '1' అన్నా తీగ మీద '0' వినపడగానే సెన్సారు బోర్డు నోరు మూసుకుని, మార్గం ఖాళీ అయ్యాక మళ్ళీ పంపుతుంది. బ్రేకు సందేశానికి క్షణమైనా ఆలస్యం కాదు, ఒక్క బిట్ కూడా పాడవదు. చిన్న సంఖ్యకే పెద్దపీట!

ఎనిమిది బైట్ల ఉత్తరం

అసలు క్యాన్ పద్ధతిలో ఒక సందేశంలో పట్టేది గరిష్ఠంగా 8 బైట్లు. మన ఉత్తరాన్ని ఇలా రాసుకోవచ్చు: మొదటి బైటులో సెన్సారు నంబరు, తరువాతి రెంటిలో మిల్లీమీటర్లలో దూరం, నాలుగవ దానిలో స్థితి, అయిదవ దానిలో ప్రతిసారీ ఒకటి పెరిగే వరుస సంఖ్య.

దూరం 1250 మిల్లీమీటర్లు అనుకుందాం. 1250 అంటే 4 ఇంటు 256, పైన 226. కాబట్టి రెండు బైట్లు 4, 226. వినే బోర్డు వీటిని తిరగేసి చదివితే 57,860 వస్తుంది. మీటరుంబావు దూరంలోని గోడ కాస్తా 57 మీటర్ల అవతలికి పోతుంది! ఏ బైటు ముందో ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుని కాగితం మీద పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

ఇక వేగం సంగతి. సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో ఒక సందేశం పోవడానికి మిల్లీసెకనులో పావు వంతు చాలు. నాలుగు మీటర్ల అవతలి ప్రతిధ్వనికి మాత్రం 23 మిల్లీసెకన్లు ఆగాలి. ఒకరి కూత మరొకరు వినకుండా నాలుగు సెన్సార్లను వంతులవారీగా, ఒక్కొక్కదానికి 30 మిల్లీసెకన్ల చొప్పున నడిపితే ఒక చుట్టుకు 120 మిల్లీసెకన్లు. ఈలోగా గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెనక్కు వచ్చే బండి 33 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఆలస్యం చేసేది తీగ కాదు, గాలి.

మౌనానికి అర్థం

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. క్యాన్‌లో సందేశాన్ని సరిగా విన్న ఏ బోర్డయినా 'అందింది' అన్న బిట్ పెడుతుంది. అది పోస్టుమాను సంతకం వంటిదే తప్ప, ఉత్తరం చదివి నడుచుకున్నారన్న హామీ కాదు. పైగా తప్పుల లెక్క హద్దు దాటిన బోర్డు, మిగతావారికి అడ్డురాకుండా తనంతట తాను మార్గం నుంచి తప్పుకుంటుంది. ఆ తరువాత దాని నుంచి మాట ఉండదు. వినే బోర్డు జ్ఞాపకంలో మాత్రం చివరిసారి వచ్చిన 'రెండు మీటర్లు' అలాగే నిలిచి ఉంటుంది.

క్లీనరు కేక ఆగిపోతే తెలివైన డ్రైవరు ఏం చేస్తాడు? 'రానీ' అన్నట్టే లెక్క అనుకోడు, బ్రేకు తొక్కుతాడు. మన ప్రోగ్రాము కూడా అంతే చెయ్యాలి. వరుస సంఖ్య కదలకపోయినా, మూడు చుట్లు గడిచినా కబురు రాకపోయినా, పాత అంకెను చెరిపి బండిని ఆపాలి. అలాగే ప్రతిధ్వని రాలేదంటే అడ్డు లేదని కాదు. ఏటవాలు తలం ధ్వనిని పక్కకు నెట్టేస్తుంది, మెత్తని బట్ట మింగేస్తుంది. మెత్తని బట్టలు కట్టుకున్న పసివాడు గోడకన్నా మెల్లగా పలుకుతాడు. అందుకని స్థితి బైటులో 'దారి ఖాళీ', 'ప్రతిధ్వని లేదు', 'సెన్సారు చెడింది' అన్న మూడూ వేర్వేరుగా ఉండాలి. మూడింటినీ ఒకే సున్నాలో కుక్కకూడదు.

ప్రయోగశాల బల్ల మీద బండి చక్కగా ఆగినప్పుడు మార్కులు వస్తాయి. ఆ తరువాత ఎవరూ అడక్కపోయినా సెన్సారు తీగను ఒకసారి లాగి చూడండి. అప్పుడు కూడా బండి ఆగితే, మీ ప్రాజెక్టు పూర్తయినట్టు.