వడ్రంగి పిట్టకు తల ఎందుకు దిమ్మెక్కదు?

సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్ నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: “మా అబ్బాయి స్కూల్లో రగ్బీ ఆడుతుంటే ఇంకో పిల్లాడు వచ్చి భుజానికి గుద్దుకున్నాడు. తలకు దెబ్బే తగల్లేదు. అయినా డాక్టరు కంకషన్ అన్నారు. మా ఇంటి పక్కన జెంగ్‌హువా నేచర్ పార్కులో బంగారు వీపు వడ్రంగి పిట్ట పొద్దస్తమానం చెట్టుకు తల బాదుకుంటూనే ఉంటుంది. దానికి రానిది మావాడికెందుకు వచ్చింది?”

ఇంత మంచి ప్రశ్న వచ్చి చాలా కాలమైంది. జవాబు సగం అందులోనే ఉంది. తలకు దెబ్బ తగల్లేదన్న ఆ మాటను గుర్తుపెట్టుకోండి.

ముందు రెండు ముక్కలు. కుదుపు వల్ల మెదడు పని కొంతకాలం తప్పడమే కంకషన్. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మతిమరుపు, వెలుతురు భరించలేకపోవడం దాని లక్షణాలు. స్పృహ తప్పాలన్న నియమం లేదు, చాలామందికి తప్పదు కూడా. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు.

ఇక పిట్ట సంగతి. దాని పుర్రెలో స్పాంజిలాంటి ఎముక ఉందనీ, అదే అదురును పీల్చేసుకుంటుందనీ దశాబ్దాలుగా పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ కథ నమ్మి హెల్మెట్ల నమూనాలు గీసినవాళ్ళూ ఉన్నారు. 2022లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వాన్ వాసెన్‌బర్గ్ బృందం మూడు జాతుల వడ్రంగి పిట్టలను హైస్పీడ్ కెమెరాలతో చిత్రించింది. ముక్కు ఎంత గబుక్కున ఆగుతోందో, కంటి దగ్గర పుర్రె కూడా అంతే గబుక్కున ఆగుతోంది. మధ్యలో ఏదీ అదురును పీల్చుకోవడం లేదు. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సుత్తికి మెత్తటి పొర చుడితే మేకు దిగుతుందా? అదురును పీల్చుకునే పుర్రె ఉంటే పిట్ట మరింత గట్టిగా పొడవాల్సి వచ్చేది.

మరి దాన్ని కాపాడుతున్నదేమిటి? మొదటిది, మెదడు చిన్నది కావడం. తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడులో పుట్టే ఒత్తిడి ఆ మెదడు పొడవును బట్టి పెరుగుతుంది. పిట్ట మెదడు కొన్ని గ్రాములే. మనది సుమారు 1,400 గ్రాములు. ఒకే కుదుపు మన మెదడులో ఎన్నో రెట్ల ఒత్తిడి పుట్టిస్తుంది. రెండోది, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది: పిట్ట దాదాపు తిన్నగా పొడుస్తుంది. దాని తల మెలి తిరగదు.

ఈ మెలికలోనే రహస్యమంతా ఉందని 1943లో ఆక్స్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్త హోల్‌బర్న్ చెప్పాడు. మెదడును నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. కానీ దాని పొరలను ఒకదాని మీద ఒకటి జరపడం చాలా తేలిక. తల తిన్నగా కదిలి ఆగితే పొరలన్నీ కలిసే కదులుతాయి, నష్టం తక్కువ. తల గిర్రున తిరిగి ఆగితే పుర్రె ముందు ఆగుతుంది, లోపలిది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. గిన్నెలో జున్ను పెట్టి తిన్నగా నెడితే ఏమీ కాదు. గిన్నెను చటుక్కున మెలితిప్పితే అంచుల దగ్గర జున్ను చీలుతుంది. హోల్‌బర్న్ ఈ సంగతిని జెలటిన్ నమూనాలతో చూపించాడు. అయినా దెబ్బ బలమే ముఖ్యమన్న నమ్మకం వైద్యుల్లో చాలాకాలం పోలేదు. ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన న్యూరోసర్జన్ అయూబ్ ఒమ్మాయా, థామస్ జెన్నరెల్లీ 1970లలో కోతుల మీద పరీక్షించాక అది కదిలింది. తల తిరిగేలా కుదిపిన కోతులు స్పృహ తప్పాయి. తిన్నగా కుదిపినవి తప్పలేదు. (ఆ ప్రయోగాలు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది, కానీ ఈ వ్యాసం వాటి మీదే నిలబడింది.)

ఇప్పుడు బుకిట్ పంజాంగ్ అబ్బాయి సంగతి తేలిపోయింది. భుజానికి తగిలిన గుద్దుకు ఒళ్ళు ఒక్కసారిగా పక్కకు జరిగింది, తల వెనకబడి మెడ మీద కొరడాలా విసురుగా తిరిగింది. అది చాలు.

అలా మెదడు పొరలు జరిగి సాగినప్పుడు నరకణాల పొడవాటి తంతువులు ఒత్తిడికి లోనవుతాయి, ఆ కణాల పైపొరల్లో తాత్కాలిక రంధ్రాలు ఏర్పడతాయి. పొటాషియం బయటకు, కాల్షియం లోపలికి పరుగెత్తుతాయి. వాటిని మళ్ళీ యథాస్థానానికి చేర్చే పంపులు విపరీతంగా శక్తిని ఖర్చు చేస్తాయి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. కావలసినంత ఇంధనం అందని ఈ స్థితిని లాస్ ఏంజెలెస్ పరిశోధకులు గీజా, హోవ్‌డా 2001లో వివరించారు. స్కాన్‌లో ఏమీ ఎందుకు కనిపించదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చిట్లింది రక్తనాళం కాదు, తప్పింది లెక్క.

ఈ స్థితిలో ఇంకో దెబ్బ తగిలితే, మరీ ముఖ్యంగా కుర్రవాళ్ళలో, మెదడు వాచిపోయే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ ప్రాణాంతకం. 2013లో కెనడాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ళ రగ్బీ క్రీడాకారిణి వారం తిరక్కుండా పదేపదే తగిలిన దెబ్బలకు చనిపోయింది. ఒంటారియో ప్రభుత్వం 2018లో ఆమె పేరునే చట్టం చేసింది.

ప్యాడ్ టోపీల సంగతి అడుగుతారు. ఆస్ట్రేలియాలో నాలుగు వేలకు పైగా కుర్ర రగ్బీ ఆటగాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. మెత్తటి టోపీ కంకషన్లను తగ్గించలేదు. గట్టి హెల్మెట్టు పుర్రె పగలకుండా కాపాడుతుంది, సైకిల్ మీద తప్పనిసరి కూడా. మెలికను మాత్రం అంతగా ఆపదు. టోపీ పెట్టుకున్నాడు కదా అని పిల్లాడు ఇంకా దూకుడుగా ఆడితే మరీ నష్టం. అంతకంటే మెడ కండరాలు గట్టిపడటం, ట్యాకిల్ చేసేటప్పుడు తల ఎక్కడ ఉంచాలో నేర్పడం పనికొస్తాయి.

ఇక మన ఊళ్ళలో ఇప్పటికీ కబడ్డీలో తల దిమ్మెక్కిన పిల్లాడి మొహాన నీళ్ళు చల్లి, సోడా పట్టించి తిరిగి బరిలోకి దింపుతున్నారు. ఇది మానాలి. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట ఆగిపోవాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, మత్తు, రెండు కంటిపాపలు వేరువేరు సైజుల్లో ఉండటం కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. సింగపూర్‌లో కేకే ఆసుపత్రిలోనూ, ఎన్‌యూహెచ్‌లోనూ పిల్లల విభాగాలున్నాయి. ఈ లక్షణాలేవీ లేకపోతే ఒకటి రెండు రోజులు విశ్రాంతి, స్క్రీన్లకు సెలవు. ఆపైన చీకటి గదిలో పడుకోబెట్టకండి, అది పాత వైద్యం. మెల్లగా నడిపించండి, బడికి పంపండి. మ్యాచ్‌లోకి మాత్రం డాక్టరు ఒప్పుకున్నాకే.