ట్రెబుల్ నాబ్ చెప్పిన నిజం

మా ఇంట్లో పాత స్టీరియో ఒకటి ఉన్నది. దాని ముఖాన బాస్, ట్రెబుల్ అని రెండు నాబ్‌లు. గత సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అమ్మాయి దానిలో వయొలిన్ కచేరీ పెట్టగానే చెవులు మూసుకుని, "ఏమిటి నాన్నా, ట్రెబుల్ ఇంతగా పెంచేశారు? చెవుల్లో సూదులు గుచ్చినట్లుంది" అన్నది. నాకు మాత్రం ఆ వయొలిన్ ఎప్పటివలెనే వినిపించింది. "ఏడాదిగా మీ నాన్నగారు ఆ నాబ్‌ను కొద్దికొద్దిగా కుడివైపుకు జరుపుతూనే ఉన్నారు" అని మా శ్రీమతి వంటింట్లోనుంచి సాక్ష్యం పలికింది. ఆ మాట నన్ను ఆలోచనలో పడవేసింది.

శబ్దమంటే గాలిలో కలిగే ప్రకంపనమని మనకు తెలిసినదే. సెకనుకు ఎన్ని ప్రకంపనలో అన్ని హెర్ట్జ్‌లు. ఆరోగ్యవంతమైన యువకుని చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు గ్రహించగలదు. ఇందులో దాదాపు 250 వరకు బాస్, అక్కడినుంచి 4,000 వరకు మిడ్‌రేంజ్, ఆపైన ట్రెబుల్ అని స్థూలంగా చెప్పుకుంటారు. ఈ హద్దులు శాసనమేమీ కాదు; ఒక్కొక్కరు ఒక్కొక్కచోట గీత గీస్తారు.

విద్యుత్కేంద్రంలో పనిచేసేవారికి ఉదాహరణలు వెతుక్కోనక్కరలేదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే టర్బైన్ అంటే సెకనుకు 50. ట్రాన్స్‌ఫార్మర్ గుమ్మనే నాదం 100 హెర్ట్జ్‌లు. ప్రవాహపు ప్రతి ఆవృత్తిలోనూ దాని ఇనుప గర్భం రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది గనుక. ఇవి బాస్. పక్కనున్నవాడు మనతో చెప్పే మాటలో అధికభాగం మిడ్‌రేంజ్. ఎక్కడో వాల్వు దగ్గర ఆవిరి 'స్స్...' మని కారడం ట్రెబుల్. ఆ చివరిదాన్ని ముందుగా పసిగట్టడమే మంచి ఆపరేటరు లక్షణమని మా పెద్దలు చెప్పేవారు.

బాస్, మిడ్‌రేంజ్, ట్రెబుల్ అంటే మన సంగీతంలోని మంద్ర, మధ్య, తార స్థాయులే కదా అని చాలామంది భావిస్తారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది పొరపాటు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుని ఆధార షడ్జమం సుమారు 131 హెర్ట్జ్‌లు, తారషడ్జమం 262. అంటే ఆయన తారస్థాయికి చేరినా అప్పుడప్పుడే మిడ్‌రేంజ్ గడప తొక్కుతున్నారన్నమాట! మరి ట్రెబుల్‌లో ఉండేదేమిటి? ప్రతి స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, పదింతలుగా పుట్టే ఉపస్వరాలు. కమాను తీగను ఒరుసుకునే గరగర, మృదంగంపై వేలు తగిలిన క్షణపు చిటుకు, 'స', 'శ' అక్షరాలలోని ఊపిరి అక్కడే ఉంటాయి. మృదంగంలో తొప్పివైపు రవ్వముద్ద అద్దేది బరువు పెంచి నాదాన్ని కిందికి దించడానికి. కుడివైపునున్న నల్లని పూత ఉపస్వరాలను ఒక క్రమంలోకి తెస్తుందని సి.వి. రామన్ 1920లోనే నిరూపించారు.

వీటి స్వభావాలు కూడా వేరు. 50 హెర్ట్జ్‌ల తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, 10,000 హెర్ట్జ్‌లది మూడున్నర సెంటీమీటర్లు. పక్క వీధిలో పెళ్లి జరిగితే పాట వినబడక 'ధమ్ ధమ్' మాత్రమే మన పడకగదికి చేరడానికి కారణం, గోడలు ట్రెబుల్‌ను ఆపినంత సులభంగా బాస్‌ను ఆపలేకపోవడమే. చిన్న రేడియోలో బాస్ ఎందుకు పలకదంటే, పౌనఃపున్యం సగమైనప్పుడు అంతే బిగ్గరగా వినిపించాలంటే స్పీకరు కాగితపు శంకువు నాలుగింతలు దూరం కదలాలి. అంత చోటు అందులో లేదు.

పాత లాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య భాగాన్ని మాత్రమే మోసేది. మగవారి గొంతు మూలస్వరం 100, 150 ప్రాంతంలో ఉంటుంది. అది అసలు అవతలికి చేరేదే కాదు. అయినా "ఒరేయ్, నేనురా" అనగానే గుర్తుపట్టేవాళ్లం. చేరిన ఉపస్వరాలనుబట్టి లేని మూలస్వరాన్ని మన మెదడే పూరించుకునేది. బాస్ పోతే మెదడు ఇంత సాయం చేస్తుంది. పైభాగం పోతే అంత సాయం చేయలేదు. 'స'కు, 'ఫ'కు తేడా తెలియక ఊరి పేర్లు రెండుసార్లు అడిగినవాళ్లమే మనమంతా.

ఇక నా సంగతి. అమ్మాయి పట్టుబట్టి చెవి డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్లింది. ఆయన ఇచ్చిన పటంలో 250 నుంచి 2,000 వరకు గీత చక్కగానే సాగి, 4,000 దగ్గర గోతిలో పడి, 8,000 వద్ద కొంత లేచింది. "వయసువల్ల వచ్చేదైతే పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. ఇలా గొయ్యి పడితే మోతలో పనిచేసిన చెవి" అన్నారాయన. ఎత్తైన స్వరాలను గ్రహించే రోమకణాలు లోపలిచెవిలోని నత్తగుల్ల వంటి భాగపు మొదట్లోనే ఉంటాయి. ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు.

1948 కర్మాగారాల చట్టం కింద వచ్చిన నిబంధనలలో 8 గంటలకు 90 డెసిబెల్స్ హద్దుగా ఉండేది. మోత 5 డెసిబెల్స్ పెరిగితే అనుమతించిన సమయం సగమయ్యేది. అంటే 100 డెసిబెల్స్‌లో 2 గంటలే. ఆ పట్టిక నాకు కంఠస్థం. ట్రైనీలకు బోధించాను కూడా. బోధించేటప్పుడు ఇయర్‌మఫ్‌లు నా మెడలో హారంలా వేలాడుతుండేవి. బేరింగు మాట వినాలంటే చెవి తెరిచి ఉండాలని నా వాదన.

మీ వార్షిక వైద్యపరీక్షలో చెవి పరీక్ష ఉంటే ఆ పటం అడిగి తీసుకోండి. 'నార్మల్' అన్న ముద్ర చూసి మడిచిపెట్టవద్దు. 4,000 గుర్తు వద్ద గీత ఎక్కడున్నదో చూడండి. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెడితే మరీ మంచిది. నావి ఉన్నాయి, బీరువాలో, మడిచినవి మడిచినట్లే.

స్టీరియోలో ట్రెబుల్ నాబ్ ఇప్పుడు మధ్య గీత దగ్గర ఉన్నది. అమ్మాయి వెళ్తూ అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టింది. వయొలిన్ కొంచెం దూరంగా, పక్క గదిలో వాయిస్తున్నట్లు వినిపిస్తున్నది. శ్రీమతి మాత్రం ఇప్పుడే బాగుందంటున్నది.