సీటు బెల్టు: ఒక్క క్షణం పని, నిండు ప్రాణానికి కాపు



కారు ప్రమాదంలో గాయపడినవారిని క్యాజువాల్టీకి తెచ్చినప్పుడు మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "బెల్టు పెట్టుకున్నారా?" తరచుగా వచ్చే జవాబు: "లేదు సిస్టర్, దగ్గరే కదా అని పెట్టుకోలేదు." అందుకే ఈసారి సీటు బెల్టు గురించి తెలుసుకుందాం.

కారు ఆగినా మనం ఆగము

బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడ్డవారంతా ముందుకు తూలుతారు. వారిని ఎవరూ తోయలేదు. కదిలే వస్తువు, ఏదైనా అడ్డుకునే వరకు అదే వేగంతో కదులుతూనే ఉంటుంది. మీ పిల్లలు బడిలో చదివే న్యూటన్ మొదటి సూత్రం ఇదే. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు గోడకు గుద్దుకుని ఆగిపోయినా, లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోతాడు. ఆయనను స్టీరింగో, అద్దమో ఆపాలి.

ఆ వేగంతో గుద్దుకోవడం సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అంటే నాలుగంతస్తుల మేడపై నుండి పడటంతో సమానం. 100 వేగమైతే దాదాపు 40 మీటర్లు, అంటే పదమూడు అంతస్తులు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేముందు మన తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వైపు ఒకసారి తలెత్తి చూడండి.

ఒక ప్రమాదంలో మూడు దెబ్బలు

1. కారు దేనికో గుద్దుకుంటుంది.
2. మన శరీరం కారు లోపలి భాగాలకు గుద్దుకుంటుంది.
3. లోపలి అవయవాలు కుదుపుకు గురవుతాయి. మెదడు పుర్రెకు తగులుతుంది. కాలేయం, ప్లీహం చిట్లవచ్చు.

మూడవ దెబ్బ పైకి కనబడదు. అందుకే "నాకేమీ కాలేదు" అన్నవారిని కూడా డాక్టరుగారు పరిశీలనలో ఉంచుతారు. దయచేసి తొందరపడి ఇంటికి వెళ్ళిపోవద్దు.

బెల్టు చేసే పని

గుద్దుకున్నప్పుడు కారు ముందుభాగం నలుగుతూ కొంత దూరంలో ఆగుతుంది. బెల్టు మనల్ని సీటుకు పట్టి ఉంచి, ఆ దూరమంతా వాడుకుని ఆపుతుంది. బెల్టు లేకపోతే కొద్ది సెంటీమీటర్లలోనే ఆగిపోతాము. ఆగే దూరం పదో వంతుకు తగ్గితే దెబ్బ పదింతలు పెరుగుతుంది. పైగా బెల్టు ఆ బలాన్ని ఛాతీ, తుంటి ఎముకల మీదికి పంచుతుంది. ఇప్పుడు మనం వాడే మూడు కొనల బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించారు.

2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణగారు, తానే నడుపుతున్న కారులోనుండి బయటికి విసిరివేయబడి మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీగారు ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. వెనుక సీటులోని ఇద్దరూ మరణించారు, ముందున్న ఇద్దరూ బ్రతికారు. వెనుక సీటు భద్రమనుకోవడం పొరపాటు.

గుర్తుంచుకోండి

• బిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోకండి. 50 వేగంలో కారు సెకనులో పదో వంతులో ఆగితే, 10 కిలోల బిడ్డ సుమారు 140 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. పసిపిల్లలకు ప్రత్యేకమైన సీటు వాడండి.
• గర్భిణీలు కూడా బెల్టు పెట్టుకోవాలి. క్రింది పట్టీ పొట్ట క్రిందుగా తుంటి మీద, పై పట్టీ రొమ్ముల మధ్యగా పొట్ట ప్రక్కనుండి రావాలి.
• ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే, బదులు కాదు.
• వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టం. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

జరిమానా కట్టి మరచిపోవచ్చు. విరిగిన వెన్నెముకతో మంచంలో ఉన్నవారికి నెలల తరబడి సేవచేసే కుటుంబాల కష్టం మేము రోజూ చూస్తున్నాము. కాబట్టి ఈ ఆదివారం కారు ఎక్కగానే, తాళం తిప్పకముందే, "అందరూ బెల్టు పెట్టుకున్నారా?" అని ఇంటిల్లిపాదినీ అడగండి. అమ్మమ్మనూ, నాయనమ్మనూ కూడా.

— నర్సింగ్ సూపరింటెండెంట్