పాత సైనిక లారీకి మారు ఇంజను

అమెరికా సైన్యమున 1950 ప్రాంతమున ప్రవేశించిన ఎమ్-35 లారీ, బాట లేని చోటను రెండున్నర టన్నులు మోయునట్టిది. తొలి బండ్లది పెట్రోలు ఇంజను. పిమ్మట వచ్చిన ఎమ్-35ఏ2 రకమున డీజిలునే గాక కిరోసినును, తప్పనిసరియైనచో పెట్రోలును సయితము మండించు ఆరు సిలిండర్ల ఇంజనును అమర్చిరి. యుద్ధరంగమున దొరికిన ఇంధనముతోనే బండి కదలవలెనని వారి తలంపు. సైన్యము అమ్మివేసిన బండికి ఆ అక్కర లేదు. దాని విడిభాగములు మాత్రము అరుదగుచున్నవి. అందుచే కొందరు యజమానులు కమిన్స్ వారి 5.9 లీటర్ల డీజిలు ఇంజనును అందు బిగించుచున్నారు.

ఇంజనును చట్రముపై నిలుపుట అంత కష్టము కాదు. చిక్కంతయు దాని వెనుక గలదు. ఫ్లైవీలు తొడుగు పాత గేరుపెట్టెకు అతుకునదిగా నుండవలెను. అతుకులో కేంద్రము రవంత తప్పినను గేరుపెట్టె బేరింగులు త్వరలోనే చెడును. ఇంధనపు పంపును సవరించి బలము పెంచుట కొందరికి సరదా గాని, ఆ బలమును భరింపవలసినది పాత గేరుపెట్టెయే. పైగా ఇరుసుల గేరు నిష్పత్తి 6.72, అనగా ప్రొపెల్లరు షాఫ్టు ఇంచుమించు ఏడు చుట్లు తిరిగినగాని చక్రమొక చుట్టు తిరుగదు. కావున మెట్ట లెక్కుటలో మేలు కనబడును గాని, చదును బాటపై పరుగు పెద్దగా హెచ్చదు. 1990వ దశకమున సైన్యమే కొన్ని బండ్లను ఎమ్-35ఏ3గా మార్చినపుడు కాటర్‌పిల్లర్ డీజిలు ఇంజనుతో పాటు ఆటోమేటిక్ గేరుపెట్టెను గూడ అమర్చినది.

అన్నిటికంటె ముందు చూడవలసినది గాలి కంప్రెసరు. ఈ లారీ బ్రేకులకు గాలి తోడ్పాటు కలదు. డాడ్జి పికప్పు బండి నుండి తీసిన కమిన్స్ ఇంజనుపై కంప్రెసరు ఉండదు. దానిని అమర్చక వీధిలోనికి తెచ్చినచో, ఎంత త్రొక్కినను నిండు బరువుతో నున్న లారీ వేళకు ఆగదు. విద్యుత్తు సంగతియు అట్టిదే: సైనిక లారీది 24 వోల్టులు, పికప్పుది 12, ఆ స్టార్టరును అటులే కలిపినచో కాలిపోవును.