ఒడిశా తీరమున తెలుగు మత్స్యకారులు: తెప్ప నుండి యంత్రపు పడవ వరకు

పూరీ క్షేత్రమునకు యాత్ర పోయిన తెలుగువారికి సముద్రస్నాన సమయమున తెలుగుమాట వినబడుట క్రొత్త కాదు. శంఖువు ఆకారముగల తెల్లని టోపీ ధరించి, యాత్రికుల చేయి పట్టుకొని కెరటములు దాటించు మనుష్యులను ఒడియావారు నోలియాలందురు. వీరిలో పెక్కుమంది తెలుగు మాతృభాషగాగల మత్స్యకారులు. పూరీలో వారి పెద్ద పల్లె పెంటకోట. ఒడియావారు దానిని పెంథకట అందురు. గోపాలపురము మొదలుకొని పారాదీపు వరకు గల తీరమున ఇట్టి తెలుగు పల్లెలు పెక్కు కలవు.

వీరందరును ఒకే విధముగా ఒడిశావాసులైనవారు కారు. పూరీ మొదలైన చోట్లకు దక్షిణ తీరము నుండి చేపల వెంబడి వచ్చి స్థిరపడినవారు కొందరు. గంజాము తీరమున నున్నవారి సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో అధిక భాగము దానిలో చేరెను. ఈ పల్లెలవారు కదలలేదు, ఎల్లయే కదలినది.

ఒడియా మత్స్యకారులు తరతరములుగా చిలికా సరస్సునందును, నదులయందును, మొగలయందును చేపలు పట్టుటలో నేర్పరులు. ఎదుటనున్న బహిరంగ సముద్రము మాత్రము చాలకాలము తెలుగువారి వృత్తిక్షేత్రముగా నిలిచెను. ఇందులకు కారణము తీరస్వరూపమే. ఇచ్చట పడవను దాచుకొనుటకు సహజమైన రేవులు అరుదు. ఇసుక ఒడ్డునకు సమీపముననే కెరటములు వరుసలు వరుసలుగా విరుగుచుండును. ఆ వరుసలను దాటి పోవుటయు, దాటి తిరిగి వచ్చుటయు నేర్చినవానికే సముద్రము జీవనాధారమగును.

ఆ విద్యకు తగిన సాధనములు రెండు: తెప్ప, పడవ. తేలికయైన కొయ్య దుంగలను చెక్కి త్రాళ్ళతో బిగించి తెప్పను కట్టుదురు. కెరటము మీద పడినపుడు నీరు దుంగల సందులగుండా దిగిపోవును గావున తెప్పకు మునుగుట లేదు. తిరుగబడినను మనుష్యులు దానిని సరిచేసికొని మరల ఎక్కుదురు. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఎండనిత్తురు. నీరు పీల్చిన కొయ్య మరునాడు బరువెక్కునుగదా! ఇక పాతకాలపు పడవలో ఇనుపమేకు కనబడదు. పలకలకు రంధ్రములు చేసి కొబ్బరినార త్రాటితో కుట్టెడివారు. మేకులతో బిగించిన పడవ ఇసుకకు కొట్టుకొన్నపుడు పగులును. కుట్టిన పడవ వంగి ఆ దెబ్బను ఓర్చుకొనును. దీనిని మోటుపని యని తలచినవారు కలరు గాని, నిజమునకు ఇది ఈ ఒడ్డునకు సరిగా కుదిరిన యంత్రశాస్త్రమే. గోపాలపురము వర్తకపు రేవుగా నుండి రంగూనుతో రాకపోకలు సాగిన కాలమున, దూరముగా నిలిచిన ఓడలకు సరకులను, ప్రయాణికులను చేర్చినవి ఇట్టి కుట్టుపడవలే.

స్వాతంత్ర్యానంతరము మత్స్యాభివృద్ధి యనగా ట్రాలరు, రొయ్యల ఎగుమతి అను అర్థము స్థిరపడెను. ట్రాలరుకు రేవు కావలెను. 1966లో ప్రధాన నౌకాశ్రయముగా ప్రకటింపబడిన పారాదీపు వంటి చోట్ల యంత్రనౌకలు పెరిగెను. ఇసుక ఒడ్డు పల్లెలకు ఆ అభివృద్ధి అందలేదు. పైగా ట్రాలర్లు ఒడ్డు సమీపమునకు వచ్చి చిన్నవారి వలలను చింపుచున్నవను తగవులు పుట్టెను. 1982 నాటి ఒరిస్సా సముద్ర మత్స్యగ్రహణ నియంత్రణ చట్టము క్రింద తీరమునుండి 5 కిలోమీటర్ల వరకు గల జలములు యంత్రములులేని సంప్రదాయ పడవలకు ప్రత్యేకింపబడెను. నీటిపై గీతను కాపాడుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యవమున, స్వీడను ధనసహాయముతో, మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఇందలి నిపుణులు వేసిన ప్రశ్న వేరు. రేవు లేనిచోట ఒడ్డునకే వచ్చి దిగగల యంత్రపు పడవను నిర్మింపజాలమా? చిక్కంతయు నీటిలో తిరుగు చక్రముననే యున్నది. పడవ ఇసుకను తాకగానే అది విరుగును. డీజిలు ఇంజనును, చక్రదండమును ఒకేసారి పైకెత్తుటకు వీలగు అమరికను వీరు కల్పించిరి. పడవ తలక్రిందులైనను మునుగకుండ లోపల తేలిక నురుగు పదార్థమును నింపిరి. తూర్పుతీరమున పలుచోట్ల ఇట్టి పడవలను పరీక్షించిరి. కాలక్రమమున గాజునారతో చేసిన ఫైబరు పడవలు, పైకెత్తుటకు వీలగు మోటార్లు పల్లెపల్లెకు వ్యాపించెను. గమనింపదగిన దేమనగా, ఒడ్డుపై నిలిచినవి పాత తెప్పగుణములను విడువని పడవలే: తేలిక, మునుగకపోవుట, ఇసుకదెబ్బకు ఓర్పు.

లాభనష్టముల పంపకము మాత్రము మారినది. పూర్వము చేపల రాబడిని పడవకు, వలకు, మనుష్యులకు వంతులుగా పంచుకొనెడివారు. ఇప్పుడు ముందుగా నూనె ఖర్చు తీయవలెను. ఇంజనుకును వంతు ఏర్పడెను. అప్పిచ్చిన వర్తకునికే సరకు అమ్మవలసివచ్చుటయు కలదు. గంపలు నెత్తినబెట్టుకొని ఊరూర అమ్మిన స్త్రీల పని, మంచుపెట్టెలలో దూరనగరములకు పోవు సరకు మూలమున తగ్గినది. ఎండుచేపల వ్యాపారము నేటికిని వారి చేతనే యున్నది.

మరియొక చిక్కు తాబేళ్ళ వలన వచ్చినది. గహిర్మథ, దేవీనది మొగ, ఋషికుల్యా మొగలకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టును. గహిర్మథ 1997లో సముద్ర అభయారణ్యమయ్యెను. ధామరా, దేవీ, ఋషికుల్యా మొగల యెదుట 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుండి మే 31 వరకు వేట నిషిద్ధము. సముద్రము శాంతముగానుండు శీతకాలమంతయు ఇందులోనే గడచును. ట్రాలు వలలకు తాబేలు తప్పించుకొను ద్వారమును అమర్చవలెనని నియమము కలదు; చేపలును దానిగుండానే పోవునని ట్రాలరు యజమానులు దానికి వెనుదీయుదురు. ఆ వెనుకంజకు మూల్యము చిన్న పడవవారిపైనను పడుట న్యాయముగా తోచదు. ఋషికుల్యా తీరమున ఈ గ్రుడ్ల తావు శాస్త్రజ్ఞుల దృష్టికి 1994లో వచ్చినది మొదలు, పురుణబంధ, గోఖరకుడ, పొడంపేట పల్లెల యువకులే రాత్రులు కావలి కాచి తాబేటి పిల్లలను నీటికి చేర్చుచున్నారు. ఆ పొడంపేటనే సముద్రము కోసివేయగా జనులు ఇండ్లు విడిచి లోపలికి తరలవలసివచ్చెను.

వేట లేని నెలలు పెరిగినకొలది పల్లెల యువకులు పరతీరముల పడవలపై కూలికి పోవుచున్నారు. ఇది ఒడిశావారికే పరిమితము కాదు. గుజరాతు పడవలపై పనికిపోయి 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. పల్లెలో మనుష్యులు తగ్గిన ఫలితము మొదట అలివివలపై కనబడును. దానిని ఒడ్డునకు లాగుటకు రెండు వరుసల జనము కావలెను. నలుగురైదుగురితో సాగు మోటారు పడవకు అంతమంది అక్కరలేదు. అందుచేత అలివివల నానాటికి మూలబడుచున్నది. దానిని లాగి వంతు తెచ్చుకొను వృద్ధులకు, వితంతువులకు ఆ పిడికెడు చేపలును లేకపోవుచున్నవి.