మీకు తెలుసా? గీజర్ కాయిల్ సంగతి ఓమ్స్ చెబుతాయి

గీజర్‌లో నీళ్లు కాగకపోతే వెంటనే కొత్త కాయిల్ కొనేయకండి. మెయిన్ ఆపేసి, కాయిల్ టెర్మినళ్ల వైర్లు విప్పి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూడాలి. 230 వోల్టులకు తయారైన 2000 వాట్ల కాయిల్ సుమారు 26 ఓమ్స్, 3000 వాట్లదైతే 18కి కాస్త తక్కువగా చూపాలి. ‘ఓఎల్’ అని వస్తే లోపలి తీగ తెగినట్టే. రీడింగ్ సరిగ్గా ఉంటే మాత్రం థర్మోస్టాట్‌నో, కటౌట్‌నో అనుమానించాలి.

చల్లగా ఉన్నప్పుడు తీసిన ఈ లెక్క నమ్మదగినదే. కాయిల్‌లోని నైక్రోమ్ తీగ వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. పాతకాలపు బల్బు ఫిలమెంట్ అలా కాదు, వెలిగేసరికి దాని నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది.

అసలు ప్రమాదం కరెంటు లీకేజీతోనే. తీగకూ పైగొట్టానికీ మధ్య నింపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీలుస్తుంది, అప్పుడు కరెంటు గొట్టంలోకి లీకవుతుంది. వానాకాలమంతా వాడని గీజర్‌ను చలికాలంలో ఆన్ చేయగానే, లీకేజీని పట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే మొదట చూడాల్సింది ఇదే. చిన్న బ్యాటరీతో నడిచే మల్టీమీటర్‌కు ఈ లీకేజీ ఒక్కోసారి దొరకదు. ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్)తో చూపించాలి. లీకేజీ ఉన్న కాయిల్‌తోనూ నీళ్లు మామూలుగానే కాగుతాయి, అయినా దాన్ని ఒక్క పూట కూడా వాడొద్దు.