సాయంత్రం దాకా ఆగొద్దు

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఒక ధీమా ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోయినా ‘ఆయన సాయంత్రం వచ్చాక చూసుకుంటారులే’ అని. మోసం జరిగితే ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది. మోసగాడు సొమ్మును నిమిషాల్లో ఖాతాలు మార్చి ఏటీఎంలో తీసేస్తాడు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, ఇంకా ఏదో ఒక ఖాతాలో మిగిలున్న సొమ్మునైనా ఆపే వీలుంది. ఆపైన బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఓటీపీ చెప్పేశామని సిగ్గుపడి దాచడం ఇంకా నష్టం. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అలాంటప్పుడు బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మన నష్టం, తెలిపాక పోయేది బ్యాంకు భరించాలి.

అంకె తప్పు కొట్టి వేరొకరికి పంపడం వేరే సంగతి. ఆ ఖాతాదారు ఒప్పుకోనిదే బ్యాంకు సొమ్ము వెనక్కి తీయలేదు, మన ఇంటాయన మేనేజరైనా సరే. యాప్‌లో ఫిర్యాదు పెట్టి, లావాదేవీ నంబరుతో మన శాఖలో రాసివ్వాలి. శాఖవాళ్లు అవతలి బ్యాంకు ద్వారా అడుగుతారు. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా పంపేముందు పేరు చూసుకునే వీలొచ్చింది.

అన్నట్టు, ‘పొరపాటున మీకు పంపాను, తిరిగి వేయండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఎస్ఎంఎస్ నమ్మకుండా ముందు ఖాతాలో నిజంగా జమ అయిందో లేదో చూడండి.